‘అపెటైట్’ అంటే ఆకలి కాకపోతే మరేమిటి?

మాటలమూట:

సభ్యులందరికీ నమస్కారం. నేను ఆసుపత్రుల పత్రాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని చేస్తాను. ఒక మాట నెల రోజులుగా నన్ను వేధిస్తోంది. మనసు కుంగుబాటును అంచనా వేయడానికి చాలా దేశాల్లో వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది అంశాల పత్రం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. గడిచిన రెండు వారాల్లో ఫలానా ఇబ్బంది ఎన్ని రోజులు ఉన్నదని అడిగి, ‘అసలు లేదు’ అంటే 0 నుంచి ‘దాదాపు ప్రతిరోజూ’ అంటే 3 వరకు అంకెలు వేస్తారు. అందులో ఐదో అంశం ‘పూర్ అపెటైట్ ఆర్ ఓవర్‌ఈటింగ్’. ఆ నమూనాలో ఒక ఆసుపత్రి తన సొంత ప్రశ్నావళిని తయారు చేసుకోగా, నేను దానిని అనువదిస్తూ ఆ అంశాన్ని ‘ఆకలి తక్కువగా ఉండటం, లేదా అతిగా తినడం’ అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అచ్చుకు పంపే ముందు కొందరు రోగులకు చదివి వినిపించి చూద్దామని వెళ్ళాను. డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ, భర్త పోయి మూడు నెలలైనావిడ, ఆ ప్రశ్న విని, ‘ఆకలి లేకపోవడమేమిటి తల్లీ, కడుపు కాలుతూనే ఉంటుంది, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు’ అన్నది. పక్కన ఉన్న ఉద్యోగి, ఆకలి ఉన్నదని ఆవిడే చెప్పింది కనుక, ‘అసలు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. అంటే ఆవిడకు ఆ ఇబ్బంది లేనట్టు నమోదైంది. తప్పు అతనిది కాదు, నా తర్జుమాది. అపెటైట్ అంటే ఆకలి కాదని ఆవిడ ఒక్క వాక్యంలో తేల్చేసింది. కాకపోతే దానిని తెలుగులో ఏమనాలో పెద్దలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గౌతమీతీరం:

అమ్మా, ముప్ఫై మూడేళ్ళు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక మొదటి వంతు నేను తీసుకుంటాను. హంగర్, అపెటైట్ అనే రెండు మాటలను మనవాళ్ళు ఒకే అరలో పెడతారు. హంగర్ ఇంగ్లీషువారి సొంత మాట, పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఉన్నది. అపెటైట్ లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ‘ఆద్’ అంటే వైపు, ‘పెటెరె’ అంటే వెతుక్కుంటూ పోవడం. కాబట్టి మూలార్థంలో తిండి ప్రసక్తే లేదు. ఒకదాని వైపు మనసు కదిలిపోవడం మాత్రమే ఉంది. 1651లో థామస్ హాబ్స్ అనే తత్త్వవేత్త అపెటైట్, డిజైర్ అనే రెండింటినీ పక్కపక్కన పెట్టి, డిజైర్ అన్నిటికీ చెల్లే మాట అనీ, అపెటైట్‌ను తరచుగా తిండి కోరికకు, అంటే ఆకలిదప్పులకు, కుదించి వాడుతున్నారనీ రాశాడు. అర్థం ఇరుకైపోవడం అప్పటికే కనబడుతోందన్నమాట.

వాడుకలో తేడా ఇలా ఉంటుంది. భోజనానికి పిలిచినప్పుడు ‘ఐ యామ్ నాట్ హంగ్రీ’ అంటే ఇప్పుడే తిని వచ్చానని అర్థం, పిలిచినవారు నొచ్చుకోరు. ‘ఐ హావ్ నో అపెటైట్’ అంటే ఒంట్లో బాగాలేదా, ఏదైనా బెంగా అని అడుగుతారు. హంగర్ కడుపు చెప్పే సంగతి, అపెటైట్ మనసూ నాలుకా కలిసి చెప్పే సంగతి. ఒకటి ఉండి రెండోది లేకపోవచ్చు. మీ పెద్దావిడకు జరిగింది అదే. రెండోది ఉండి మొదటిది లేకపోవడం పెళ్ళి భోజనాల్లో పూతరేకులు వడ్డించేటప్పుడు మనందరికీ అనుభవమే.

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత ఈ భేదాన్ని మనకు ఎప్పుడో చెప్పి ఉంచింది. రుచి ఎరుగనిది హంగర్. అపెటైట్‌కు రుచితోనే పని. సామెత ఉన్నదే కాని, ఆ రెండోదానికి పేరు మాత్రం నాకూ తట్టడం లేదు.

వకాల్తా:

మాస్టారు చెప్పిన ‘పెటెరె’ను చూసి నాకు ఉత్సాహం వచ్చింది. మా కోర్టులో పొద్దున లేస్తే పలికే ‘పిటిషన్’ కూడా ఆ ధాతువు బిడ్డే. వెతుక్కుంటూ పోవడం, అడగడం అనే రెండర్థాలూ దానికి ఉన్నాయి. కాంపిటీషన్ అంటే ఒకదానికోసం కలిసి వెతకడం, రిపీట్ అంటే మళ్ళీ వెతకడం. తహసీల్దారుకు పిటిషన్ పెట్టుకున్న ప్రతి రైతూ అపెటైట్‌కు దాయాదిని చేతబట్టుకుని వెళుతున్నాడన్నమాట.

మరో మాట కూడా చెబుతాను. తిండి విషయంలో ఈ మధ్య అందరూ వాడే ‘క్రేవింగ్’ మా వాదపత్రాల్లో ఎప్పటినుంచో ఉంది. ‘ది పిటిషనర్ క్రేవ్స్ లీవ్ ఆఫ్ దిస్ ఆనరబుల్ కోర్ట్’ అని, అంటే కోర్టువారి అనుమతి కోరుతున్నారని, ఇప్పటికీ రాస్తాం. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు అర్థం హక్కుగా కోరడం, దావా వేయడం. తరవాత అది బతిమాలుకోవడంగా మారి, చివరికి చాక్లెట్టు కోసం ప్రాణం లాగేయడం దాకా దిగివచ్చింది. హక్కుగా అడిగే స్వరం మాత్రం పోలేదు, క్రేవింగ్ వచ్చినవాడు వాయిదాకు ఒప్పుకోడు.

డల్లాస్‌దూరం:

నేను అమెరికాలో ఔషధశాలలో పనిచేస్తున్నాను. మధుమేహానికీ స్థూలకాయానికీ ఇచ్చే సెమాగ్లుటైడ్ వంటి మందులు వచ్చాక ఈ మాటల తేడా నాకు రోజువారీ సమస్య అయింది. ఆ మందు అపెటైట్‌ను తగ్గిస్తుందని ఇంగ్లీషులో చెబితే సరిపోతుంది. పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్ళకు ‘ఈ మందు ఆకలిని తగ్గిస్తుంది’ అని చెబితే భయపడతారు, ఎందుకంటే ఆకలి తగ్గడం మన ఇళ్ళలో జబ్బు లక్షణం. ‘ఆకలి చంపుకుని బతకడమెందుకు బాబూ’ అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఈ మందు వాడే అమెరికన్లు ‘ఫుడ్ నాయిస్’ తగ్గిందని చెబుతుంటారు, అంటే తిండి గురించి తలలో ఆగకుండా సాగే రొద అన్నమాట. పెద్దాయనకు నేను, ‘ఆకలి పోదు నాన్నగారూ, ఊరికే ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలన్న యావ తగ్గుతుంది’ అని చెప్పాను. ఆయన వెంటనే గ్రహించారు.

శరీరశాస్త్రం కూడా ఈ విషయంలో ఒకే మీట మీద నడవదు. కడుపు ఖాళీ అయినప్పుడు ఎక్కువయ్యే ఘ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. కొవ్వు నుంచి మెదడుకు ‘నిల్వలు చాలు’ అని కబురు పంపే లెప్టిన్ 1994లోనే బయటపడింది. కడుపు నిండి, కబుర్లన్నీ అందిన తరవాత కూడా మైసూర్‌పాకు ముక్క వైపు చెయ్యి పోతున్నదంటే, అక్కడ నడిపించేది మెదడులో సుఖాన్ని లెక్కగట్టే భాగం.

గౌతమీతీరం:

‘యావ’ మంచి మాట బాబూ, కాని దానిలో కొంత నింద ఉంది. తిండి యావ, డబ్బు యావ, పదవీ యావ అంటాం తప్ప, చదువు యావ అని మెచ్చుకోలుగా ఎవరూ అనరు. అపెటైట్‌లో నింద లేదు. ‘హెల్దీ అపెటైట్’ అంటే మెచ్చుకోలే. దానిని ‘ఆరోగ్యకరమైన యావ’ అంటే నవ్వు వస్తుంది. అట్లాగే కక్కుర్తి, ఆబ, కండూతి అన్నీ తక్కువ చేసే మాటలే. కీర్తికండూతి అనేది మరీ ఘాటైనది, పేరు కోసం దురద అని అర్థం.

ఇంకొక పొరపాటును విద్యార్థుల కోసం ఇక్కడే చెప్పి పెడతాను. హంగర్‌కు హంగ్రీ ఉన్నట్టు అపెటైట్‌కు మనిషిని వర్ణించే విశేషణం వాడుకలో లేదు. ‘అపెటైజింగ్’ అనేది వంటకానికి చెల్లుతుంది, తినేవాడికి చెల్లదు. విందుకు వెళ్ళి ‘ఐ యామ్ వెరీ అపెటైజింగ్’ అంటే, నన్ను చూస్తే నోరూరుతుందని చెప్పుకున్నట్టు అవుతుంది. నా తరగతిలో ఒక కుర్రవాడు అట్లా అని ఏడాదంతా ఆ పేరుతోనే పిలిపించుకున్నాడు. ‘వెట్ యువర్ అపెటైట్’లో మొదటి మాటకు తడపడం అని చాలామంది అర్థం చెప్పుకుంటారు, నోట్లో నీళ్ళూరుతాయి కదా అని సమర్థించుకుంటారు కూడా. అది డబ్ల్యూ తరవాత హెచ్ ఉన్న వేరే మాట, సానపట్టడం అని అర్థం. కత్తికి పదును పెట్టినట్టు కోరికకు పదును పెట్టడమన్నమాట.

రాళ్ళసంచి:

పెద్దలు మన్నించాలి. భూగర్భశాస్త్రంలో పనిచేసేవాడిని కాబట్టి ఒక హెచ్చరిక చేస్తున్నాను. తెలుగు లిపిలో ‘అపటైట్’ అని రాస్తే మేము ఫాస్ఫేటు ఖనిజం అనుకుంటాం. విశాఖపట్నం వైపు తూర్పు కనుమల్లో అది దొరుకుతుంది కూడా. చూడగానే వేరే ఖనిజాలుగా భ్రమింపజేస్తుందని, మోసం అనే అర్థమున్న గ్రీకు మాటతో దానికి ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషులో రెండింటికీ వర్ణక్రమం వేరు, ఉచ్చారణ మాత్రం దాదాపు ఒక్కటే.

నిర్వాహకులు:

ఆసక్తికరమైన సంగతే, అయితే ఖనిజాల చర్చకు వేరే శీర్షిక ఉన్నది. ఇక్కడ ‘అపెటైట్’ అనే వర్ణక్రమాన్నే అందరూ పాటించవలసిందిగా మనవి.

మిరియాలచారు:

నేను ఆయుర్వేద వైద్యుడిని. ఇంగ్లీషు వైద్యం ‘లాస్ ఆఫ్ అపెటైట్’ అని ఒక్క మాటతో దాటవేసేదానిని మా శాస్త్రం ముక్కలు ముక్కలుగా చూస్తుంది. అగ్నిమాంద్యం అంటే జఠరాగ్ని మందగించి అసలు ఆకలే పుట్టకపోవడం. అరోచకం అంటే నోట్లో పెట్టుకున్న ఆహారం రుచించకపోవడం. భక్తద్వేషం అంటే అన్నాన్ని తలచుకున్నా, చూచినా, దాని మాట విన్నా ఏవగింపు కలగడం. భక్తం అంటే వండిన అన్నం, భక్తులెవరూ కంగారు పడనక్కరలేదు. అభక్తచ్ఛందం అని మరొకటి ఉంది, అన్నం మీద ఇచ్ఛ లేకపోవడం. మీ పెద్దావిడది అగ్నిమాంద్యం కాదు, ఎందుకంటే ఆవిడ కడుపు కాలుతోంది. ఆవిడది అభక్తచ్ఛందం.

ఈ మాటలు ప్రశ్నావళిలో పనికిరావని నాకు తెలుసు. అయితే ఊళ్ళలో రోగులు నాకు చెప్పే మాటల్లో ఈ విభజన అంతా ఉంటుంది. ‘ఆకలి మందగించింది’ అంటారు, ‘నోరు చవి చచ్చింది’ అంటారు, ‘అన్నం సయించడం లేదు’ అంటారు. పెద్దవాళ్ళయితే ‘అన్నహితవు లేదు’ అంటారు. ఈ నాలుగూ ఒకటి కావు. మొదటిదానికి శొంఠి, మిరియాలు, వాము ఆలోచిస్తాను. రెండోది జ్వరం వచ్చి తగ్గినవారిలో ఎక్కువ, నిమ్మకాయ కారంతో కలిపిన ముద్ద దారి తీస్తుంది. సయించకపోవడం అన్నప్పుడు మాత్రం కాసేపు కూర్చోబెట్టి ఇంట్లో పరిస్థితి ఏమిటని అడుగుతాను. మీ ఐదో ప్రశ్నకు ‘అన్నం సయించకపోవడం’ అని రాసి చూడండి.

చిట్టాపద్దు:

నేను హైదరాబాదులో ఒక బ్యాంకులో నష్టభయాల విభాగంలో పనిచేస్తున్నాను. మా బాధ వేరు. ‘రిస్క్ అపెటైట్’ అనే మాటను ఖాతాదారుల కోసం తెలుగులో రాయవలసి వస్తే, ఒకరు ‘నష్టాల ఆకలి’ అని రాశారు. చదివినవారు నష్టాలు మమ్మల్ని తినేస్తాయా, మేము నష్టాలను తినాలా అని అడిగారు. మరొకరు ‘రిస్కును భరించే శక్తి’ అని దిద్దారు. చెవికి బాగానే ఉన్నది కాని అది వేరే భావన.

ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2009లో వెలువరించిన పదకోశంలో, ఒక సంస్థ కోరి వెంబడించడానికో, తన దగ్గర ఉంచుకోవడానికో సిద్ధపడే రిస్కు ఎంత, ఏ రకం అన్నదే రిస్క్ అపెటైట్ అని చెప్పారు. అందులో ‘సిద్ధపడే’ అన్నదే కీలకం. 2008 నాటి ఆర్థిక సంక్షోభం తరవాత, బ్యాంకులు ఈ మేరను ముందే రాసిపెట్టుకోవాలని ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డు అనే అంతర్జాతీయ సంస్థ 2013లో సూత్రాలు విడుదల చేసింది. భరించే శక్తి అనేది జేబుకు సంబంధించినది, దానికి కెపాసిటీ అనే మాట వేరే ఉంది. ఒక ఉద్యోగికి పది లక్షలు పోయినా తట్టుకునే స్తోమత ఉండవచ్చు, అయినా పది వేలు పోతాయంటే రాత్రి నిద్రపట్టని మనిషి కావచ్చు. స్తోమత ఉంది, అపెటైట్ లేదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషి అప్పుచేసి షేర్లు కొంటాడు.

మాటలమూట గారు చెప్పిన పెద్దావిడ సంగతి చదివాక, మాదీ అదే చిక్కు అని నాకు తోచింది. కడుపులో చోటు ఎంత ఉన్నది అన్నది ఒకటి, మనసు ఎంత కోరుతున్నది అన్నది మరొకటి.

సంస్కృతచ్ఛాయ:

మాస్టారు ‘ఆద్’, ‘పెటెరె’ అని విడదీసి చూపినప్పుడు నాకు ‘అభీప్స’ గుర్తుకు వచ్చింది. అభి అంటే వైపు, ఈప్స అంటే పొందాలనే కోరిక. దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, కాని కావ్యాల బయట ఎవరికీ పరిచయం లేని మాట.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. సంస్కృతంలో ఆకలికి ‘క్షుత్తు’ కాక ‘బుభుక్ష’ అనే మాట ఉంది. దాని నిర్మాణమే ‘తినాలనే కోరిక’. ధాతువును రెట్టించి కోరిక అనే అర్థాన్ని కలిపే పద్ధతి అది. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, గెలవాలనే కోరిక జిగీష, మోక్షం పొందాలనే కోరిక ముముక్ష. వినాలనే కోరిక శుశ్రూష, అది సేవ అనే అర్థంలోకి జారి ఇవాళ ఆసుపత్రుల్లో స్థిరపడింది. కోరికకు ప్రత్యేకంగా నామవాచకం వెతుక్కోనక్కర లేకుండా, ఏ క్రియకైనా కోరికను అంటించగల సౌలభ్యమన్నమాట. తెలుగులో అట్లాంటి ప్రత్యయం లేకపోవడమే మన ఇబ్బందికి మూలమని నా అనుమానం.

క్రేవింగ్ ప్రస్తావన వచ్చింది కనుక ‘దోహదం’ గురించి కూడా చెప్పాలి. వార్తాపత్రికల్లో ‘అభివృద్ధికి దోహదం చేస్తుంది’ అని రోజూ చదువుతాం. ఆ మాటకు మొదటి అర్థం గర్భిణికి కలిగే కోరిక, మన వేవిళ్ళనాటి కోరిక. కడుపులో రెండో హృదయం ఉన్నది కాబట్టి కలిగే కోరిక అని పూర్వులు వివరించారు. అక్కడి నుంచి చెట్లకు పాకింది, అందగత్తె పాదం తాకితే అశోకం పూస్తుందన్న కవిసమయం దోహదక్రియల్లో ఒకటి. పూయడానికి చెట్టు కోరుకునేది దోహదం, ఆ కోరిక తీర్చడమూ దోహదమే. చివరికి కోరిక పూర్తిగా రాలిపోయి తోడ్పాటు అనే అర్థం మిగిలింది. అపెటైట్ కోరిక నుంచి తిండిలోకి కుదించుకుపోతే, దోహదం పుల్లమామిడి నుంచి పంచవర్ష ప్రణాళికల దాకా విస్తరించింది.

వకాల్తా:

పుల్లమామిడి నుంచి ప్రణాళికల దాకా అన్నది బాగుంది గురువుగారూ. ఇక మీదట నేను ‘దర్యాప్తునకు దోహదపడే సాక్ష్యం’ అని రాసేటప్పుడు కొంచెం సిగ్గుపడతాను.

గౌతమీతీరం:

రాత్రి నిద్రపట్టక ఒక విషయం ఆలోచించాను, దానిని ఇక్కడ పరీక్షకు పెడుతున్నాను. ఇంగ్లీషువాడు అలంకారానికి ఆకలిని ధారాళంగా వాడతాడు. పవర్ హంగ్రీ అంటాడు, హంగర్ ఫర్ నాలెడ్జ్ అంటాడు, పరుగుల కోసం హంగ్రీగా ఉన్న బ్యాట్స్‌మన్ అంటాడు. అవే భావాలు మన పత్రికల్లోకి వచ్చేసరికి అధికార దాహం, జ్ఞాన తృష్ణ, పరుగుల దాహం అయిపోతాయి. ధన దాహమే, ధనాకలి కాదు. మనం ఆకలిని దప్పికగా మార్చి గాని అలంకారంలోకి రానివ్వడం లేదు.

కారణం నాకు తోచినది చెబుతాను, తప్పయితే దిద్దండి. తెలుగునేల మీద ఆకలి అన్న మాట ఇంకా బరువు దించుకోలేదు. 1876–78 నాటి కరువు మద్రాసు రాజధానిలోని మన జిల్లాలను ఊడ్చేసింది. ఆకలి చావులు, ఆకలి కేకలు అనే జంటమాటలు మనకు వార్తలుగా వచ్చినవి, కవిత్వంగా కాదు. ఆకలి బాధ తెలిసినవాడు పదవి కోసం పాకులాడేవాడిని ‘ఆకలిగొన్నవాడు’ అని గౌరవించడు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఇంత బరువు ఉండేది. ‘స్టార్వ్’ అనే క్రియకు పాత అర్థం చనిపోవడమే, జర్మన్‌లో దాని తోబుట్టువుకు ఇప్పటికీ అదే అర్థం. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం అరగంట ఆలస్యమైతే ‘ఐ యామ్ స్టార్వింగ్’ అంటున్నారు.

నిరాహార దీక్ష అన్న మాట కూడా చూడండి. ఇంగ్లీషులో ‘హంగర్ స్ట్రైక్’ అని ఆకలిని ముందు పెట్టారు. మనం ఆకలి పేరెత్తలేదు, ఆహారం వద్దనుకోవడాన్నీ దీక్షనూ కలిపాం. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు చేసినది ఆకలి సమ్మె అని రాస్తే తెలుగు చెవి ఒప్పుకోదు.

చిట్టాపద్దు:

మాస్టారి సిద్ధాంతానికి ఒక చిన్న అడ్డు. క్రీడల పేజీల్లో ‘ఆకలి మీదున్న పులి’ అని రాస్తూనే ఉంటారు కదండీ.

గౌతమీతీరం:

నిజమే. కాని అక్కడ పులికి నిజంగానే ఆకలి వేస్తోంది, ఆటగాడిని పులి అన్నంతవరకే అలంకారం. అయినా మీ అడ్డును కొట్టిపారేయను, కుర్రకారు రాతల్లో ఆకలి మెల్లగా దప్పిక చోటులోకి వస్తున్నదేమో చూడాలి.

తంగేడుపువ్వు:

అందరికీ దండాలు. మాది కరీంనగర్ దిక్కు, నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. వారం రోజులుగా ఈ చర్చను మౌనంగా చదువుతున్నాను. ‘సయించడం’ అన్న మాట మా దగ్గర ముసలివాళ్ళలో కొందరికి తెలుసు, పడుచువారికి తెలియదు. మా ఆశా కార్యకర్తకు వినిపిస్తే, ఎవరినో సహించకపోవడం అనుకున్నది. ‘అన్నహితవు’ అయితే అసలే తెలియదు. కాబట్టి ఆ ప్రశ్న రెండు రాష్ట్రాల్లో వాడాలంటే అది కుదరదు.

మా దగ్గరికి వచ్చే తల్లులు ‘తినబుద్ధి అయితలేదు సిస్టర్’ అంటారు. మా సహోద్యోగి ఒకరిది విజయనగరం, వాళ్ళ ఊరిలో ‘తినబుద్ధెయ్యటం లేదు’ అంటారట. క్రియ కొద్దిగా మారినా ‘తినబుద్ధి’ అన్నది రెండు చోట్లా ఉంది. ఆకలి గురించి అడిగితే ‘ఆకలి అయితది, తినబుద్ధి కాదు’ అని విడదీసి చెబుతారు. మీ పెద్దావిడ చెప్పినదీ ఇదే కదా మేడమ్. ఇంత తేలిక మాటను ఎవరూ అనకపోతే నేనే ఏదో పొరబడుతున్నానేమో అని ఇన్ని రోజులు ఆగాను.

సంస్కృతచ్ఛాయ:

అమ్మా, మీరు పొరబడలేదు, నేను పొరబడ్డాను. తెలుగులో కోరికను క్రియకు అంటించే సాధనం లేదని పైన రాశాను. తినబుద్ధి, చూడబుద్ధి, ఏడవబుద్ధి, పోబుద్ధి అన్నీ మన ఇళ్ళలో నలిగిన మాటలే. క్రియ వెంట ‘బుద్ధి’ వచ్చి కూర్చుంటే చాలు, సంస్కృతం ధాతువును రెట్టించి చేసే పని అయిపోతుంది. బుభుక్ష అంటే నిర్మాణంలో తినబుద్ధే. ఆలోచనకు పేరైన సంస్కృతపదాన్ని తెచ్చుకుని, ఇంట్లో దానిచేత కోరిక పని చేయిస్తున్నాం, అదీ ఎక్కువగా లేనప్పుడే. ‘తినబుద్ధి కావడం లేదు’ అన్నంత తరచుగా ‘తినబుద్ధి అవుతోంది’ అనం. ఇంగ్లీషులో కూడా అపెటైట్‌ను మనిషి గుర్తుచేసుకునేది అది పోయినప్పుడే కదా.

గౌతమీతీరం:

ఇంకొక సొగసు గమనించండి. ఇంగ్లీషువాడు అపెటైట్‌ను ‘కలిగి’ ఉంటాడు, పోగొట్టుకుంటాడు, అది వాడి ఆస్తి. మనకు ఆకలి వేస్తుంది, ఆకలి అవుతుంది, తినబుద్ధి పుడుతుంది. ‘నేను’ అని కాక ‘నాకు’ అని నిలబడి ఉంటాం, అది వస్తే వస్తుంది, రాకపోతే లేదు. అందుకే దుఃఖంలో ఉన్నవారిని ‘మీకు అపెటైట్ ఉందా’ అని అడిగితే ఏదో దాచుకున్నదాని లెక్క అడిగినట్టు ఉంటుంది. ‘తినబుద్ధి అవుతోందా అమ్మా’ అంటే జవాబు వస్తుంది.

మాటలమూట:

నాకు మాటలు రావడం లేదు. తంగేడుపువ్వు గారికి ప్రత్యేకంగా నమస్కారాలు. ఈ సోమవారం మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళి, కొత్త వాక్యంతో పదకొండు మందికి వినిపించాను. ‘తినబుద్ధి కాకపోవడం, లేదా అతిగా తినడం’ అని పెట్టాను. ఒక్కరూ అర్థం అడగలేదు. అనంతపురం నుంచి వచ్చిన ఒకాయన మాత్రం ‘తినబుద్ధి పుట్టకపోవడం అంటే ఇంకా బాగుంటుంది’ అని దిద్దారు. ఆ పెద్దావిడ ఆ రోజు రాలేదు, వచ్చే వారం వస్తుందని చెప్పారు.

ఇంకా రెండు అనుమానాలు మిగిలాయి. ఈ మాట తిండికి చక్కగా కుదిరింది, కాని వార్తల్లో వచ్చే ‘నో అపెటైట్ ఫర్ వార్’ లాంటివాటికి ఏమి చేయాలి? చిట్టాపద్దు గారి రిస్కు సంగతి ఏమిటి?

చిట్టాపద్దు:

మాటకు మాట పెట్టాలన్న పట్టుదల వదిలితే దారి దొరుకుతోందండి. ‘రిస్క్ కెపాసిటీ’కి ‘నష్టం వస్తే తట్టుకోగల స్తోమత’ అని, ‘రిస్క్ టాలరెన్స్’కు ‘దాటకూడని హద్దు’ అని, ‘రిస్క్ అపెటైట్’కు ‘తెలిసి తలకెత్తుకునే రిస్కు మేర’ అని మా కరపత్రంలో రాసి పైవారికి పంపాను. ‘తెలిసి’ అన్నది పెట్టకపోతే అప్పుచేసి షేర్లు కొన్నవాడూ అందులోకి వచ్చేస్తాడు. ‘తెగువ’ అనే ఒక్క మాట పెడదామని ఒక మిత్రుడు అన్నాడు. బ్యాంకు తన గురించి తెగువ అని చెప్పుకుంటే డిపాజిటర్లు మరుసటి రోజే వరుస కడతారు.

వకాల్తా:

యుద్ధానికి అయితే ‘ఆ దేశ ప్రజలకు యుద్ధం మీద మనసు లేదు’ అంటే చాలు. మనసుపడటం, మనసు లేకపోవడం అనే పలుకుబడి ఎట్లాగూ ఉంది. ‘యుద్ధాకాంక్ష కొరవడింది’ అని రాస్తే, ఉండవలసినది లేకపోయిందే అని విచారిస్తున్నట్టు ఉంటుంది.

తంగేడుపువ్వు:

మేడమ్, మీ వాక్యంలో రెండో సగం కూడా ఒకసారి చూడండి. ‘అతిగా తినడం’ అంటే మా దగ్గర ఎవరూ ఒప్పుకోరు, అది తిట్టులాగా వినబడుతుంది. బెంగతో ఎక్కువ తినే ఆడవాళ్ళు నాకు చెప్పేటప్పుడు ‘ఊకె ఏదో ఒకటి తినబుద్ధి అయితది’ అని చెబుతారు. మొదటి సగంలో ఉన్న మాటే రెండో సగంలోనూ పెడితే సరిపోతుందేమో.

మాటలమూట:

‘తినబుద్ధి కాకపోవడం, లేదా ఊరికే ఏదో ఒకటి తినబుద్ధి కావడం.’ రాసుకున్నాను. అయితే కోరిక ఎక్కువ కావడం వేరు, నిజంగా ఎక్కువ తినడం వేరు, మూలంలో అడిగినది రెండోది. ‘ఊరికే ఏదో ఒకటి తినబుద్ధై ఎక్కువ తినేయడం’ అని పొడిగిస్తాను. పొడుగైందని ఆసుపత్రివారు అంటారు, గడి చిన్నదని అచ్చువారు అంటారు. వచ్చే వారం ఆ పెద్దావిడకు వినిపించి, ఆవిడ ఏమన్నదీ ఇక్కడే రాస్తాను.